సముద్రం దాటిన పైసా

తెలంగాణలో ‘పైసలున్నయా?’ అంటే చిల్లర గురించి కాదు, మొత్తం డబ్బు గురించే. కెన్యాలోనూ అంతే. స్వాహిలిలో ‘పెసా’ అంటే డబ్బు. అది మన పైసాయే, వర్తకులతో పాటు హిందూ మహాసముద్రం దాటి వెళ్లింది. తూర్పు ఆఫ్రికాలో బ్రిటిషువాళ్లు 1920 దాకా రూపాయినే చలామణీలో ఉంచారు. పక్కనే జర్మన్ల ఏలుబడిలో ఒకప్పుడు రూపీకి 64 పెసాలు.

2007లో కెన్యా టెలికాం కంపెనీ సఫారీకామ్ ఈ మాటకు మొబైల్‌లోని ‘ఎం’ తగిలించి ఎం-పెసా అంది. వీధి కొట్లో నోట్లిస్తే ఫోనులో జమ అవుతాయి. ఊళ్లో ఉన్న అమ్మకు ఒక్క మెసేజీతో పంపొచ్చు. బ్యాంకు ఖాతా అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు. మొదట్లో అనుకున్నది చిన్న అప్పుల వాయిదాల వసూలుకే. ఇంటికి డబ్బు పంపే దారిగా మార్చుకున్నది జనమే.

దాని ఆసరాతో కొత్త కంపెనీలు మొలిచాయి. ఎం-కోపా సోలార్ దీపాలను వాయిదాల మీద ఇచ్చి, ఆ వాయిదాలు ఫోనులోనే కట్టించుకుంది. స్వాహిలిలో ‘కోపా’ అంటే అప్పు తీసుకోవడం. అప్పునే పేరుగా పెట్టుకోవడానికి ఎంత ధైర్యమో!

2013లో వొడాఫోన్ ఎం-పెసాను ఇండియాకు తెచ్చింది. పుట్టింటికొచ్చినా ఆ మాట ఇక్కడ నిలవలేదు, 2019లో ఆ సేవ మూతపడింది. అప్పటికే మనవాళ్లు ‘ఫోన్‌పే చెయ్’ అంటున్నారు.