పునాదికొక పత్రము



నేను పాఠశాలలో చరిత్ర బోధించుచున్న దినములలో 1666 నాటి లండను మహాదహనమును నాలుగు మాటలలో ముగించుచుంటిని. నగరము కాలినది, మరల లేచినది, అంతియే. ఎట్లు లేచినదని విద్యార్థులడుగలేదు, నేనును విచారింపలేదు. ఆ లోపమును నేడు తీర్చుకొనదలచితిని.

ఆ సెప్టెంబరు 2వ తేదీన పుడ్డింగు సందులో ఒక రొట్టెలవాని యింట పుట్టిన అగ్ని నాలుగు దినములు మండి, సుమారు 13,200 ఇండ్లను, 87 క్రైస్తవ దేవాలయములను భస్మము చేసెను. నిలువనీడ లేని గృహస్థునకు వెంటనే ఇల్లు కావలెను. నగరమునకో, మరల అట్టి కొయ్యయిండ్లు లేవరాదు. ఒకరిది తొందర, వేరొకరిది భయము. రెండును న్యాయములే. ఈ రెంటికిని సంధి కుదుర్చుటయే గృహనిర్మాణ శాసనముల చరిత్ర యని నా యభిప్రాయము.

1667లో పార్లమెంటు పునర్నిర్మాణ శాసనము చేసెను. వెలుపలి గోడలు ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెను. ఇండ్లు నాలుగు తరగతులు. ఏ తరగతికెన్ని అంతస్తులో, గోడ మందమెంతయో నిర్ణయింపబడెను. ఇంటివాడు నగర కోశమున 6 షిల్లింగుల 8 పెన్నీలు చెల్లించి రసీదు పుచ్చుకొనును. ఆ రసీదు చూపిన పిమ్మట సర్వేయరు వచ్చి, పొరుగువారి హద్దులు విచారించి, పునాది గీతలవెంట గూటములు పాతించును. అటుపిమ్మటనే పునాది వేయవలెను. సూక్ష్మదర్శినితో ఈగను, పేనును పరీక్షించిన శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ ఆ సర్వేయర్లలో నొకడు. అధికారి చూపు మొదట పునాదిపైననే పడుట మిక్కిలి సమంజసము. గోడ రేపైనను కనబడును. మట్టి కప్పిన పునాది మరల కనబడదు.

కాలక్రమమున గూటములకు తోడు పటములు వచ్చెను. 1875 నాటి ప్రజారోగ్య శాసనము వెనుక స్థానిక సంస్థలు నిబంధనలు చేసికొని, ముందుగా పటములు దాఖలు చేయుమని కోరుచుండెను. ఊరికొక తీరుగా నున్న ఆ నిబంధనల స్థానమున 1965లో ఇంగ్లండు, వేల్సులకు ఏకరూపమైనవి వెలువడెను. లండను నడిబొడ్డు మాత్రము మరికొంతకాలము తన పాత శాసనములనే అనుసరించెను.

అయినను తన యిల్లు తానే కట్టించుకొను గృహస్థుని చిక్కు తీరలేదు. చలికాలము రాకమునుపే పునాది పడవలెను. కప్పు దూలముల లెక్కలేమో ఇంకను చేతికి రావు. 1984 నాటి నిర్మాణ శాసనము దీనికొక మార్గము చూపెను. పటములలో కొరతయున్నచో స్థానిక సంస్థ వానిని తిరస్కరింపవచ్చును. లేదా దరఖాస్తుదారుని సమ్మతితో, తక్కిన పటములు పిమ్మట దాఖలు చేయవలెనను షరతు పెట్టి ఆమోదింపవచ్చును. ఈ విధమున మొదట పునాదియు మురుగు తూములును, ఆపై గోడలు, ఆపై కప్పు, ఇట్లు పత్రములు అంచెలంచెలుగా సాగవచ్చును.

ఇది సదుపాయమేగాని, సడలింపు కాదు. కప్పు లెక్క రాకమునుపే గోడ ముగించినవాడు, పిమ్మట ఆ గోడ బరువు మోయజాలదని తేలినచో, దానిని తన చేతులతోనే కూల్చుకొనవలసివచ్చును. ఇక నగరమునకు 1666లో కలిగిన భయము నేటికిని పాతబడలేదు. 2017 జూన్ 14న లండనులోనే గ్రెన్‌ఫెల్ అను ఎత్తైన భవనమునకు తొడిగిన పైపొర అంటుకొని 72 మంది మరణించిరి. దాని పిమ్మట 2022లో భవన భద్రతా శాసనము పుట్టెను. ఇంగ్లండులో అట్టి ఉన్నత నివాస భవనముల పని ముందస్తు ఆమోదము లేక ఆరంభింపరాదు.

మన పెద్దలును శంకుస్థాపన, ద్వారబంధము, గృహప్రవేశమని ఇంటిని అంచెలుగనే ఎత్తిరి. ఒక ఘట్టము ముగియక వేరొకటి లేదు. పత్రములను విడివిడిగా ఇచ్చుటలో దోషము లేదు. అయితే ప్రతి పత్రమును తన పనికంటె ఒక్క అడుగైనను ముందు నడువవలెను. ఆ అడుగు ఇంటివానికే కాదు, పొరుగువానికిని రక్ష.