పడుగు చాపిన వీధిలో పటం కట్టిన రాత్రి

సాలెవాడల చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా లెక్కలే రాశారు. ఎన్ని మగ్గాలు, గజానికెంత కూలి, నూలు ధర ఎప్పుడు పెరిగింది, ఎంతమంది ఊరు విడిచి పోయారు. ఆ లెక్కలు వద్దనను. గుంటమగ్గం ఇంట్లో పుట్టినదాన్ని, ఆకలి సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. అయితే ఆ పుస్తకాల్లో ఒక పద్దు మాత్రం కనపడదు. అది సరదా పద్దు. మా వాడలో ఆ పద్దు ఉండేది, దానికి పెద్దమనుషులు ఉండేవాళ్లు, ఇంటికింతని వసూలు ఉండేది. ఆ డబ్బూ ఆ గింజలూ కథ చెప్పేవాళ్లకు, కనికట్టు చేసేవాళ్లకు పోయేవి. ధర్మం చేస్తున్నామని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. వచ్చినవాళ్లూ చేయి చాచేవాళ్లు కాదు, తమకు రావాల్సింది అడిగి తీసుకునేవాళ్లు.

నేతపనివాళ్లు కూడబలుక్కుని ఒక కూటమిగా బతకడం ఈ దేశంలో చాలా పాతది. నాసిక్ గుహల్లో ఉషవదాతుడి శాసనం ఉంది, క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటిది. ఈయన క్షత్రప రాజు నహపానుడి అల్లుడు. భిక్షువుల ఖర్చులకని 3000 కార్షాపణాలు గోవర్ధనంలోని నేతగాళ్ల శ్రేణుల దగ్గర శాశ్వతంగా ఉంచాడు. 2000 ఒక శ్రేణి దగ్గర, నెలకు నూటికి ఒకటి వడ్డీ. మిగతా 1000 ఇంకో శ్రేణి దగ్గర, నూటికి ముప్పావు. అసలు ముట్టుకోకూడదు, వడ్డీతోనే భిక్షువులకు బట్టలు. రాజుగారి అల్లుడు నమ్మి సొమ్ము దాచుకునేంత పరపతి సాలెవాళ్లకు ఉండేదన్నమాట. ఈ శాసనం చదివినప్పుడల్లా మా నాయిన షావుకారి గడప ముందు నిలబడిన తీరు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

నాకు ఇంకా ఇష్టమైనది మంద్‌సౌర్ శాసనం. మధ్యప్రదేశ్‌లో శివనా నది ఒడ్డున ఉన్న ఈ ఊరి పాత పేరు దశపురం. లాట దేశం నుంచి, అంటే ఇప్పటి దక్షిణ గుజరాత్ నుంచి, పట్టునేతగాళ్ల శ్రేణి ఒకటి అక్కడికి వలస వచ్చింది. వాళ్లు కూడబెట్టుకున్న డబ్బుతో 436లో సూర్యుడికి గుడి కట్టారు. అప్పుడు పైన గుప్త చక్రవర్తి కుమారగుప్తుడు, దశపురంలో బంధువర్మ. ఆ గుడి కొంత పాడైతే 473లో మళ్లీ ఆ శ్రేణే బాగు చేయించింది. ఈ సంగతంతా వత్సభట్టి అనే కవి చేత నలభైకి పైగా సంస్కృత శ్లోకాల్లో రాయించి రాతి మీద చెక్కించారు. కవిగారు పట్టు అమ్మకం కూడా మరిచిపోలేదు. ఎంత అందగత్తె అయినా, తాంబూలం వేసుకుని పూలు పెట్టుకున్నా, పట్టుబట్టల జత కట్టనిదే ప్రియుడి దగ్గరికి పోదని ఒక శ్లోకంలో చమత్కరించాడు. ఇంతకంటే సొగసైన వ్యాపార ప్రకటన నేను చూడలేదు.

ఆ శాసనంలో నా కళ్లు ఆగిపోయే చోటు వేరే ఉంది. వలస వచ్చిన నేతగాళ్లు ఏమేం చేశారో కవి చెబుతాడు. కొందరు విలువిద్యలో ఆరితేరారు, కొందరు వింత వింత కథలు చెప్పడంలో, కొందరు ధర్మప్రసంగాల్లో, కొందరు జ్యోతిషంలో, కొందరు యుద్ధంలో. కొందరు తమ నేతపనిలోనే గొప్పవాళ్లయ్యారు. చూడండి, ఆ వరసలో నేత కూడా ఒకటి, అంతే. రాతి మీద చెక్కించుకునేటప్పుడు, ఒక్కో అక్షరానికీ కూలి ఇచ్చుకునేటప్పుడు, తమలో కథలు చెప్పేవాళ్లున్నారని చెప్పుకోవడం వాళ్లకు ముఖ్యమనిపించింది.

గుప్తుల కాలం నుంచి మా వాడకొస్తాను. పోచంపల్లికీ పుట్టపాకకూ నడుమ ఒక ఊరు మాది. అంతా చిటికి పని. నూలు చిలపకు పాత సైకిల్ ట్యూబు పేలికలు బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరేసి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి, చివరికి మగ్గం మీద ఆ పోగుల్లోంచి పువ్వో పావురమో లేచేలా చేసే పని. ఒక చీర వెనక ఇల్లంతా ఉంటుంది. ఆసు పోసేది ఆడవాళ్లు, కండెలు చుట్టేది ముసలివాళ్లూ పిల్లలూ. ఆసు పోయడమంటే మేకుల వరస మీదుగా పోగును అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకే చేయి వేలసార్లు ఊగాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అప్పటిదాకా ఆ నొప్పికి చరిత్రలో పేరే లేదు.

కానీ ఒక ఇల్లు తనంతట తాను చేసుకోలేని పని ఒకటుండేది. నూలు పడుగుకు గంజి పట్టించడం. తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు చాపి, రెండు కొసలా గుంజలకు బిగించి, గంజి చల్లి, ఇద్దరిద్దరు రెండు పక్కలా నిలబడి కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. ఎండ ముదిరితే పోగు పెళుసెక్కుతుంది, గాలి లేస్తే పోగులు అంటుకుంటాయి. అందుకే అందరూ ఒక్కసారే దిగాలి. మా పడుగుకు మీరు, మీ పడుగుకు మేము. కూలి లేదు, రాత లేదు. మరిచిపోయినవాడికి మాత్రం తన పడుగునాడు వీధి ఖాళీగా కనపడేది! ఆ పొద్దుటి పూట జరిగే వేళాకోళం ఇంకెక్కడా వినలేదు. వదినెల మీద బావల మాటలు, అత్తల మీద కోడళ్ల పాటలు, కుంచె నడకకు సరిపడే లయలో. పట్టు మా వైపుకొచ్చాక గంజి అక్కర్లేకపోయింది. నాలుగు డబ్బులు ఎక్కువొచ్చిన మాట నిజమే. వీధి మాత్రం ఉట్టి తోవ అయిపోయింది.

ఆ వీధిలోనే మాఘమాసపు పెళ్లిళ్లు అయ్యాక, బట్టలమ్మిన డబ్బు చేతిలో కాస్త ఆడే రోజుల్లో, కూనపులివాళ్లు పటం కట్టేవాళ్లు. తెలంగాణలో ఒక్కో కులానికి ఒక కథ, ఆ కథ చెప్పే ఆశ్రితులు ఉన్నారు. గొల్లలకు మందహెచ్చులు, ముదిరాజులకు కాకిపడిగెలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. మా పద్మశాలీలకు కూనపులివాళ్లు. వాళ్లు చెప్పేది మార్కండేయుడి కొడుకు భావనారుషి కథ. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో వీళ్లను పద్మశాలీల దగ్గర అడుక్కునేవాళ్లని ఒక ముక్కలో తేల్చేశాడు. నాకు ఆ మాట మింగుడుపడదు. అడుక్కునేవాడికి ఊళ్లు పంచి ఉండవు. వీళ్లకు ఉండేవి. ఏ కుటుంబం ఏ ఊళ్లకు పోవాలో తాతల నాటి మిరాశీ ఉండేది. కాదని ఇంకొకరు వస్తే కులపెద్దల ముందు పంచాయితీ.

వాళ్లు తెచ్చే పటాలు వేసేది నకాశీవాళ్లు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల ఆ పనికి పేరు. మూడడుగుల వెడల్పున ఎన్నో గజాల పొడవుండే నేతబట్ట, దాని మీద గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత, ఆ పూత మీద ఎర్రటి నేపథ్యంలో బొమ్మలు వరసలు వరసలుగా. సాలెవాడు నేసిన గుడ్డ, సాలెవాడి గంజి, నకాశీవాడి కుంచె, కూనపులివాడి గొంతు, మళ్లీ సాలెవాడి కథ. పటం పాతబడితే కొత్తది వేయించుకుని పాతదాన్ని శాస్త్రోక్తంగా నీళ్లలో కలిపేవాళ్లు. అందుకే బాగా పాత పటాలు దొరకడం అరుదు. హైదరాబాద్‌లో జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో కొన్ని ఉన్నాయి.

రాత్రి తిండ్లయ్యాక రెండు గుంజలకు పటం చుట్ట కట్టి, దీపం ఎత్తిపట్టి, కొంచెం కొంచెంగా విప్పుతూ కథ నడిపేవాళ్లు. ప్రధాన కథకుడి చేతిలో పుల్ల, పక్కన వంతపాడేవాళ్లు, తాళాలు, మద్దెల. దేవతలకు కట్టుకోను బట్టల్లేవు. భావనారుషి విష్ణువు నాభికమలం నుంచి తామరతూడు దారం తీసి నేసిచ్చాడు. అందరికీ బట్టలందాయి, శివుడికి పులితోలు మిగిలింది. అడ్డొచ్చిన కాలవాసురుణ్ణి చంపారు. రుషికి పులి వాహనమయింది, సూర్యుడి కూతురు భద్రావతి పెళ్లామయింది. దశపురపు నేతగాళ్లు సూర్యుడికి గుడి కట్టారు, మా కథలో సూర్యుడు మాకు వియ్యంకుడు. ఈ రెంటినీ ముడిపెట్టి చరిత్ర అల్లే సాహసం చేయను గానీ, తలుచుకుంటే సరదాగా ఉంటుంది.

కథ నడుమ కథకుడు మగ్గంలోకి దిగేవాడు. అచ్చు ఎవరు, నాడె ఎవరు, దోనె ఎవరు అని ఒక్కో పనిముట్టుకూ పుట్టుక చెప్పేవాడు. పొద్దంతా కాళ్లూ చేతులూ పీకేలా తొక్కిన మగ్గం రాత్రికి దేవతల చుట్టరికం తెచ్చుకునేది. అంతలోనే కథ ఆపి, మా వాడలో చందా ఎగ్గొట్టే ఒక పెద్దమనిషి వైపు తిరిగి, “శివునికి బట్టలెందుకు దక్కలేదో ఎరుకనా? ఆ పొద్దు ఈయననే పంచిండు” అనేవాడు. వాడంతా గొల్లుమనేది. తెల్లారేసరికి ఆ పెద్దమనిషి ఇంటి బాకీ తీరిపోయేది.

సాధనాశూరులు వేరు. వాళ్లది కనికట్టు, వాళ్లూ మాకే ఆశ్రితులు. వాళ్లొచ్చినప్పుడు ఊరంతా వచ్చేది, ఖర్చు మాది, చూపు అందరిది. నోట్లోంచి మూరలకొద్దీ రంగునూలు లాగుతుంటే మా నాయినమ్మ కన్నార్పకుండా చూసి, “గీ నూలు సొసైటోళ్లకు అమ్మరాదుర్రి” అన్నది.

ఇదంతా బంగారు కాలమని నేను అనను. కూనపులివాళ్లు మా మీద ఆధారపడ్డవాళ్లు, మాకంటే తక్కువవాళ్లని మావాళ్లు అనుకునేవాళ్లు, వాళ్ల తిండి వేరే అరుగు మీద. కథలో దేవుళ్లకు బట్టలు పంచిన రుషిని పొగిడి, ఆ కథ చెప్పినవాడికి చిరుగుల ధోవతి ఇచ్చిన ఇళ్లు కూడా ఎరుగుదును. ఆడవాళ్లు వెనక వరసలో కూర్చునేవాళ్లు, కులసంఘం లెక్కల్లో వాళ్లకు మాట లేదు.

ఆడవాళ్ల కూటమి వేరే ఉండేది, దానికి పేరూ పెద్దా లేరు. కొత్త పడుగు వచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. మేం దాన్ని అచ్చు అతకడం అంటాం. వేళ్లకు కాస్త బూడిద రాసుకుని, బొటనవేలూ చూపుడువేలూ నడుమ నలిపితే రెండు పోగులు ఒకటవుతాయి. వేల పోగులు. ఒక్కతే కూర్చుంటే పిచ్చెత్తుతుంది, కనక పక్కిళ్ల అక్కలు వచ్చి వరసగా కూర్చునేవాళ్లు. అక్కడ వాడ సమాచారమంతా తేలేది, సంబంధాలు కుదిరేవి, మొగుళ్లు తాగొచ్చిన సంగతులు నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. మా అమ్మ రాత్రి విన్న భావనారుషి కథను పొద్దున అక్కడ తిరగేసి చెప్పేది. ఆమె కథలో భద్రావతే అసలు నేతగత్తె. “ఆయినె నేసిండట! కండెలెవ్వరు సుట్టిండ్రు మరి?” అనేది. ఈ పాఠం ఏ పటం మీదా లేదు, ఏ పరిశోధకుడూ రాసుకోలేదు.

పటం కట్టించిన ఆ పాత కూటమి ఎప్పుడు విడిపోయిందో చెబుతాను, ఎందుకంటే అందరూ టీవీని తిడతారు. టీవీ తరవాత వచ్చింది. అంతకుముందే మా కూటమి రెండు ముక్కలయింది. బ్రిటిష్ ఇండియాలో 1904 చట్టం అప్పుల సహకార సంఘాలకు దారిచ్చింది, 1912 చట్టం ఉత్పత్తి, అమ్మకాల సంఘాలకూ ఇచ్చింది. ఆ దారి వెంట దేశమంతటా చేనేత సొసైటీలు పుట్టాయి, మా వైపూ వచ్చాయి. మేలు చేశాయి. నూలు అప్పిచ్చాయి, బట్ట కొన్నాయి, షావుకారి గడప తప్పించాయి. కానీ సొసైటీ రిజిస్టర్లో ఆడిటర్ ఒప్పుకునే గడులే ఉంటాయి. నూలు జమ, బట్ట ఖర్చు, పొదుపు, వాటాధనం. సాధనాశూరులకు ఇచ్చిన దోసెడు రూపాయలను ఏ గడిలో రాస్తారు? కాబట్టి వృత్తి సొసైటీకి పోయింది. పండగలు కులసంఘానికి మిగిలాయి. సంఘం మార్కండేయ గుడి కట్టింది, నూలి పున్నమికి జంధ్యాలు మార్పించింది, ఫంక్షన్ హాలు లేపింది. పనినీ ఆటనూ ఒకే చేత్తో పట్టుకున్న పాత కూటమి రెండింట్లో ఎక్కడా లేదు. కథలవాళ్లు ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియక రావడం తగ్గించారు.

షోలాపూర్‌లో మాత్రం వేరే తీరు. తెలంగాణ నుంచి పోయిన పద్మశాలీలు అక్కడ దుప్పట్లు నేసి స్థిరపడ్డారు. మాకు నూలి పున్నమి, వాళ్లకు నారళీ పున్నమి. ఆ రోజు మార్కండేయుడి రథం తీస్తారు. మా చిన్నాయిన అక్కడి మిల్లులో ఉన్నన్నాళ్లూ దసరాకు కాక రథానికే కొత్త బట్టలు కుట్టించుకునేవాడు. ఇంటికొచ్చినప్పుడు మా వాడ నిశ్శబ్దం చూసి ఎకసెక్కాలాడేవాడు.

ఇప్పుడు చేర్యాల పటం అడుగు, రెండడుగుల చట్రంలో డ్రాయింగు రూముల్లో వేలాడుతోంది. కళాకారులకు నాలుగు డబ్బులొస్తున్నాయి, సంతోషమే. కూనపులివాళ్లు విశ్వవిద్యాలయాల వేదికల మీద గంటసేపు చెబుతున్నారు. రాత్రుల తరబడి సాగే కథ గంటలో చెప్పమంటే కాలవాసురుడు చచ్చేదాకా కూడా రాదు.

పోయినేడు మా కులసంఘం సమావేశానికి వెళ్లాను. ఫంక్షన్ హాలుకు ఏసీలు పెట్టాలా వద్దా అని వాదన నడుస్తోంది. ఆడవాళ్లకు ఇప్పుడు కుర్చీలున్నాయి, మాటా ఉంది. నేను లేచి, ఏడాదికి ఒక్కసారైనా పటం కట్టించడానికి పద్దు పెట్టమన్నాను. కుర్ర కోశాధికారి మర్యాదగానే అడిగాడు, “ఎంతైతది, పెద్దమ్మా?” ఎంతో నాకు తెలుసు. రెండు ఏసీల్లో ఒకటి మానుకుంటే మూడు రాత్రుల కథ, కథకులందరికీ తిండి, కొత్త ధోవతులు, చీరలు. ఆ లెక్క కాగితం మీద వేసి ఇచ్చాను. వచ్చే నెల సమావేశంలో దాన్ని ఓటుకు పెడతారట. ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాను, ముందు అచ్చు అతికే ఆడవాళ్ల దగ్గరనుంచే.