డ్యాం రాయి నుంచి సున్నపు బట్టీ దాకా: పల్నాడులో దుమ్ము జబ్బులు

పల్నాడులోని విజయపురి సౌత్ నాగార్జునసాగర్ ఆనకట్టతో పుట్టిన కాలనీ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యాం, 1967లో కాలువలకు నీరు వదిలేనాటికి ప్రపంచంలోని రాతికట్టడపు ఆనకట్టల్లో అతిపెద్దదిగా పేరు పొందింది. ఆ రాయిని కొట్టి, చెక్కి, మోసింది ఎక్కువగా మనుషుల చేతులే.

కట్టడాలకు వాడే గ్రానైటు రాతిలో ఐదోవంతుకు పైగా క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఉంటుంది. పగిలినప్పుడు లేచే సిలికా దుమ్ములో కంటికి ఆనని రేణువులే ప్రమాదకరం. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరిన ఆ రేణువులను మింగిన రక్షక కణాలు చచ్చిపోతాయి, చుట్టూ మచ్చలు కట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. చాలామందిలో బయటపడడానికి పదేళ్లకు పైనే పడుతుంది. అప్పటికి వలస కూలీ ఏ ఊళ్లో ఉంటాడో! దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి క్షయ అని మందులిస్తారు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సులువుగా సోకుతుంది గనుక పొరపాటు మరింత చిక్కుపడుతుంది.

జబ్బు కొత్తదేమీ కాదు. రాతిపనివాళ్ల ఆయాసం గురించి ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశాడు. 1930లో జోహానెస్‌బర్గ్‌లో దీనిపై అంతర్జాతీయ సమావేశం జరిగింది. తెలుగు కూలీలు కూడా పనిచేసిన కోలారు బంగారు గనుల్లో 1940లలో ఈ జబ్బుపై సర్వే చేశారు. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది.

పల్నాడు సున్నపురాయి మరో దుమ్మును తెచ్చింది. మాచర్లలో 1958లో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. సున్నపురాయిలో క్వార్ట్జ్ సాధారణంగా తక్కువ. సిమెంటు దుమ్ము ఎక్కువగా దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌కు దారితీస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలో దుమ్ము పట్టే యంత్రాలైనా ఉంటాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర కూలీకి తలగుడ్డే అడ్డు. బొగ్గుపొగకు తోడు పొడిసున్నం గొంతునూ కళ్లనూ కాలుస్తుంది.

భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత ఫ్యాక్టరీల చట్టానికి చేసిన 1987 సవరణ పనిచోటి గాలిలో సిలికాకు హద్దులు పెట్టింది. అయితే కరెంటుతో నడిచేచోట పదిమంది పనివాళ్లు లేకపోతే ఆ చట్టం సాధారణంగా వర్తించేది కాదు. ఈ మినహాయింపే అసలు లోపం.

సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. నీళ్లు చల్లుతూ రాయి కోయడం, దుమ్మును పుట్టినచోటే పట్టేయడం వంటి నివారణే దారి. రోగిని ఏ పని చేస్తావని అడగమని రామజ్జీని వైద్యులకు చెప్పాడు. పల్నాడు ఆసుపత్రుల్లో కఫం పరీక్ష రాసే ముందు ఆ ప్రశ్న అడిగి, జవాబును చీటీ మీద నమోదు చేయాలి.