యజ్ఞశ్రీ నాణెముపై జంటకొయ్యల ఓడ

పత్తియు మిరపయు పండు నల్లరేగడి సీమలో పెరిగిన బాలుని ఓడ బొమ్మ వేయుమనినచో, వాడు పడమటి దేశముల పటములలో చూచిన నౌకనే తలచుకొని, అడుగుభాగమును వంపుగా గీసి, నడుమ నొక కొయ్య నిలిపి, దానికి తెరచాప తగిలించి, పని ముగిసినదనుకొనును. ఆ కొయ్య గాలిలో ఏ ఆధారమున నిలిచియున్నదో వానికి తట్టదు. ఓడను చిత్రింప నేర్చువాడు మొట్టమొదట నేర్వవలసినది మోకుల సంగతి. దానిని నేర్పుటకు క్రీస్తుశకము రెండవ శతాబ్దివాడైన శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రింపించిన సీసపు నాణెమును మించిన గురువు మనకు లేదని నా నమ్మకము.

ఆ చిన్న బిళ్లపై ఓడ ప్రక్కనుండి చూచినట్లు కనబడును. దానికి రెండు కూపస్తంభములు, అనగా తెరచాప కొయ్యలు. వాని శిరస్సులనుండి మోకులు ముందున అణియమువైపునకును, వెనుక అమరమువైపునకును బిగువుగా దిగివచ్చును. వెనుకభాగమున నీటిలోనికి చుక్కాని తెడ్లు వ్రేలాడుచుండును. కొన్ని నాణెములలో ఓడక్రింద చేప కూడ కలదు. గాలి నిండిన తెరచాప కొయ్యను ముందునకు వంచునప్పుడు వెనుకకు కట్టిన మోకు దానిని ఆపును. గాలి ఎదురు తిరిగినచో ముందరి మోకు కాచును. కనుకనే మోకును సడలిన తీగవలె వంపుగాక, బిగిలాగిన గీతగా గీయవలెను. దాని పై కొస కొయ్యకును, క్రింది కొస ఓడ అంచునకును చేరితీరవలెను. నడిగాలిలో ముగిసిన మోకు అసత్యము. పేరు తెలియని ఆ ముద్రకారుడు ఇంత ఇరుకుచోటున అలంకారములనెల్ల వదలి మోకులను వదలకుండుట చూడగా, ఓడను వినికిడిచేగాక కంటితో చూచి ఎరిగినవాడని తోచును. అజంతా రెండవ గుహలోని మూడు కొయ్యల ఓడ ఇంతకంటె సుందరమే, కాని నేర్చువానికి ఈ సీసపు ఓడయే సుబోధకము.

ఇట్టి నాణెములు కోరమండల తీరమున, విశేషించి మద్రాసు కడలూరుల నడుమ లభించినవి. అయినను యజ్ఞశ్రీకిని మన ఆంధ్రతీరమునకును గల సంబంధము శిలాక్షరమై నిలిచియున్నది: ఆయన 27వ పాలనావత్సరపు శాసనము చినగంజాములో దొరకినది. 2022 వరకు ప్రకాశము జిల్లాలోనుండి, నేడు బాపట్ల జిల్లాలో చేరిన ఆ చినగంజామునకు చేరువనే మోటుపల్లి. అక్కడ కాకతీయ గణపతిదేవుడు శకవర్షము 1166న, అనగా క్రీ. శ. 1244-45లో, అభయశాసనము వేయించెను. తుపానుచే పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలవంతముగా హరించుచుండగా, ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చు వర్తకులపై కరుణగొని, నియతమైన కూపశుల్కమను సుంకము తప్ప మరేమియు గ్రహింపబోమని ఆ ప్రభువు మాటయిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొకటి మాత్రమే. పిదప కొలది దశాబ్దములకు మార్కోపోలో ఈ రేవును ముట్ఫిలియని పేర్కొని, ఈ దేశపు సన్నని వస్త్రములను వేనోళ్ల కొనియాడెను. కొయ్య విరిగినచో బ్రదుకే మునుగునని ఎరిగిన తీరమిది.

ఈ నల్లరేగడి సీమ పాఠశాలలలో చిత్రలేఖనము బోధించు ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: యజ్ఞశ్రీ నాణెపు ఛాయాచిత్రమును పెద్దది చేయించి తరగతి గోడకు తగిలించి, తెరచాప జోలికి పోకమునుపు పిల్లలచేత ఆ రెండు కొయ్యలను, వాని మోకులను గీయింపుడు.