వడ్రంగి

సంస్కృతమున ‘వర్ధకి’ శబ్దము అమరకోశమున తక్షునికి పర్యాయముగా నిలిచి, పాలీలో ‘వడ్ఢకి’యై, హిందీలో ‘బఢయీ’యై, మన నోట ‘వడ్లంగి’, ‘వడ్రంగి’ యయినది. మ్రాను తొలిచెడు పిట్టకును ఆ పేరే దక్కినది. ఇక వడ్రంగి పనికి వత్తము: మైపాడు మొదలు తూపిలిపాళెము వఱకు గల ఉమ్మడి నెల్లూరు తీరమున, తుపానుగాలికి నిలువవలసిన పల్లెయింటికి ఒకప్పుడు తాటిమ్రానే ఆధారము. తాటికి చేవ, టేకునకు వలె నడుమనుగాక, వెలుపలి యంచున నుండును. కావున ముదురుచెట్టును నిలువున చీల్చి, లోపలి బెండును బాడిసతో చెక్కివైచి, నల్లని చేవను మాత్రమే మిగిల్చి దూలములను, వాసములను తీర్చువాడు వడ్రంగి. లేతమ్రాను వాడిన యింటికి పురుగు త్వరగా పట్టును. మ్రాను ముదురుదనము నెఱుగుట పనిలో సగము. ఇట్టివానిని ‘కొయ్యపనివా’డని యొక్క ముక్కలో చెప్పి యూరకుండుట న్యాయము కాదు.