పాత మేడ మీద కొత్త ఆట: అంతస్తు మోసేదెంత?

గుమ్మలక్ష్మీపురం చుట్టుపక్కల సవర గూడేల్లో పండగనాటి ఆట నేల మీదే సాగుతుంది. తుడుము మోగుతుంటే ఎందరు అడుగు కలిపినా బరువంతా మట్టే మోస్తుంది. తోపులాట వస్తే నాలుగు వైపులా దారే. అదే ఆట మేడెక్కితే? ప్రాగ్‌లో చార్లెస్ వంతెన పక్కన పాత స్నానశాల ఒకటి 'కార్లోవీ లాజ్నే' పేరుతో అయిదంతస్తుల నైట్‌క్లబ్‌గా నడుస్తోంది. అంతస్తుకో రకం సంగీతం.

తెలుగు నేల మీద దీనికి దగ్గరగా వచ్చేది 1878లో మొదలైన సికింద్రాబాద్ క్లబ్. సాలార్‌జంగ్ వేట బంగ్లా క్లబ్‌గా మారిందని చెప్పుకుంటారు. అది నైట్‌క్లబ్ కాదు, సభ్యుల క్లబ్. కాబట్టి పోలికను ఒక హద్దు దాటి లాగకూడదు. 2022 జనవరి 16న, కనుమ తెల్లవారుజామున, దాని ప్రధాన భవనం కాలిపోయింది. సెలవు గనుక ప్రాణనష్టం జరగలేదు. మొదట అనుమానించింది షార్ట్ సర్క్యూట్‌నే. అనుమానం రుజువు కాదు. అయినా ఎండిన పాత కలప, తర్వాతి కాలంలో లాగిన వైర్లు ఒకే కప్పు కింద ఉన్నచోట జాగ్రత్త అవసరమని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

నిప్పు సంగతి అందరికీ తోస్తుంది. అడుగు సంగతే తోచదు. మన ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాసపు గది చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల బరువు, మోస్తే చాలు. బిగించిన కుర్చీలు లేకుండా జనం గుమిగూడే హాలు 5 మోయాలి. పాత మేడల్లో చాలావాటికి మద్రాస్ టెర్రస్ కప్పులే: టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుక, సున్నం. దూలం గోడలోకి దిగినచోట చెదలు పడితే కింది నుంచి చూసేవారికి ఏమీ తెలియదు.

పైగా ఆట కదలని బరువు కాదు. నిమిషానికి 120 దరువుల పాటకు జనమంతా సెకనుకు రెండుసార్లు ఒక్కసారిగా అడుగు వేస్తారు. ఆ లయ, లేదా దాని రెట్టింపు, అంతస్తు సహజ కంపనానికి దగ్గరైతే ఊపు పెరుగుతూ పోతుంది. 2011 జులైలో సియోల్‌లోని 39 అంతస్తుల టెక్నోమార్ట్ ఊగిపోయి జనం బయటికి పరుగెత్తారు. 12వ అంతస్తు జిమ్‌లో పదిహేడు మంది ఒకే లయలో చేసిన కసరత్తే కారణమని నిపుణులు తేల్చారు. అది ఉక్కు, కాంక్రీటు కట్టడం. సున్నపు మేడ కూడా అలాగే ఊగుతుందని దీన్నిబట్టి అనలేం. కొలిచి చూడకుండా అనుమతి ఇవ్వకూడదని మాత్రం అనగలం.

మిగిలింది దారి. 2017 డిసెంబర్ 29 అర్ధరాత్రి దాటాక ముంబై కమలా మిల్స్ ఆవరణలో, ఒకప్పటి బట్టల మిల్లు స్థలంలో, పైకప్పు మీది పబ్‌లో మంటలు లేచి 14 మంది చనిపోయారు. చాలామంది స్నానాలగదిలో పొగకు ఊపిరాడక పోయినవారే. నా మట్టుకు పాత మేడలో ఆట పెట్టదలచినవారు ముందు రెండో మెట్లదారి చూపించాలి. అది లేనిచోట కుర్చీలు మేడ మీద, ఆట నేల మీద.