బాలామృతంలో పోషకాలెన్ని?

గరికపాడు (జగ్గయ్యపేట): అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా ఏడు నెలల వయసు నుంచి పసివారికి మూడేళ్లు వచ్చేవరకు అందించే పొడి ఆహారమే బాలామృతం. నెలకు రెండున్నర కిలోల పొట్లం. రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు సరిపోతుంది.

ప్రతి 100 గ్రాముల్లో వేయించిన గోధుమ 55, పంచదార 20, పాలపొడి 10, నూనె 10, శనగపప్పు 5 గ్రాములు ఉంటాయి. వీటి నుంచి 414 కిలోకేలరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. మాంసకృత్తుల్లో సగానికి పైగా గోధుమవే. గోధుమలో కొరవడిన లైసిన్‌ను పాలపొడి, పప్పు కొంత పూరిస్తాయి. పంచదార అయిదో వంతు ఉండగా పప్పు ఇంత స్వల్పంగా ఉండటం వెలితే.

అంగన్‌వాడీల అనుబంధ పోషకాహారానికి 2009లో కేంద్రం నిర్ణయించిన ప్రమాణం 500 కిలోకేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు. మాంసకృత్తుల లోటును ఒక కోడిగుడ్డు (సుమారు 6 గ్రాములు) తీర్చగలదు. గుడ్డు తినని ఇళ్లలో 30 గ్రాముల పెసరపప్పును మెత్తగా ఉడికించి పెడితే దాదాపు 7 గ్రాములు సమకూరుతాయి. గరికపాడు పరిసరాల మెట్ట పొలాలకు పెసర కొత్త పంటేమీ కాదు.

పొట్లాన్ని పెద్దపిల్లలకూ పంచితే లెక్క తారుమారవుతుంది. పసిబిడ్డకు దక్కేది 50 గ్రాములైతే మాంసకృత్తులు అయిదున్నర గ్రాములే. పొడిని కాచిన నీటిలో కలిపి, ఒకేసారి కాక రోజులో మూడు నాలుగు విడతలుగా తినిపించాలి.